యు.ఎస్.బి.

యు.ఎస్.బి. అనగా యూనివర్సల్ సీరియల్ బస్. కంప్యూటరుకు కీబోర్డు, మౌస్, ప్రింటరు, పెన్ డ్రైవ్ వంటి పరికరములను కలుపుటకు ఏర్పరచిన ప్రమాణము ఇది. ఒకే కేబుల్ ద్వారా సమాచారమును, విద్యుత్తును రెండింటినీ అందించుట దీని ప్రత్యేకత. ప్లగ్గు ఆకారము మాత్రమే గాక, పరికరములు సమాచారమును ఇచ్చిపుచ్చుకొను పద్ధతి కూడా ఈ ప్రమాణములో భాగమే.

చరిత్ర

1990వ దశకపు తొలి సంవత్సరములలో ఒక్కొక్క పరికరమునకు ఒక్కొక్క రకపు పోర్టు ఉండెడిది. మోడెమునకు సీరియల్ పోర్టు, ప్రింటరుకు పారలల్ పోర్టు వాడెడివారు. కొత్త పరికరమును అమర్చినపుడు తరచుగా సెట్టింగులు చేతితో సరిచేసి, కంప్యూటరును మరల ప్రారంభించవలసి వచ్చెడిది. ఈ ఇబ్బందిని తొలగించుటకు 1994లో కాంపాక్, డి.ఇ.సి., ఐ.బి.ఎం., ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్.ఇ.సి., నోర్టెల్ అను ఏడు సంస్థలు కలిసి పని ప్రారంభించినవి. ఇంటెల్ బృందములో భారతదేశమున జన్మించిన అజయ్ భట్ ముఖ్యపాత్ర వహించెను. 1996 జనవరిలో తొలి ప్రమాణము వెలువడినది. 1998లో ఆపిల్ సంస్థ పాత పోర్టులను తొలగించి, యు.ఎస్.బి. పోర్టులతో ఐమ్యాక్ కంప్యూటరును విడుదల చేసిన పిదప దీని వాడుక బాగా పెరిగినది.

పనిచేయు విధానము

యు.ఎస్.బి. 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుండును. రెండు విద్యుత్తుకు, రెండు సమాచారమునకు. సమాచారపు తీగలలో సంకేతములు ఒకదానికొకటి వ్యతిరేకముగా ప్రయాణించును. బయటి నుండి వచ్చు విద్యుత్ అలజడి రెండు తీగలపైనా దాదాపు సమానముగా పడును. అందుకొను పరికరము వాటి మధ్య భేదమును మాత్రమే చదువును గనుక ఆ అలజడి ప్రభావము చాలావరకు తొలగిపోవును.

పరికరమును అమర్చగానే కంప్యూటరు దానికి ఒక చిరునామా సంఖ్యను ఇచ్చును. తరువాత దాని వివరములను అడుగును. తాను ఏ రకపు పరికరమో, తయారీదారు ఎవరో, ఎంత విద్యుత్తు కావలెనో పరికరము తెలుపును. దానినిబట్టి కంప్యూటరు తగిన డ్రైవరును ఎంచుకొనును. చిరునామాకు 7 బిట్లు కేటాయించబడినవి. వీటితో 128 సంఖ్యలు వచ్చును. అందులో సున్నా, అప్పుడే అమర్చిన పరికరము కొరకు ప్రత్యేకించబడినది. కనుక హబ్బులతో కలిపి గరిష్ఠముగా 127 పరికరములను కలుపవచ్చును.

గరిష్ఠ వేగములు

* 1.0 (1996): సెకనుకు 12 మెగాబిట్లు
* 2.0 (2000): 480 మెగాబిట్లు
* 3.0 (2008): 5 గిగాబిట్లు
* యు.ఎస్.బి.4 (2019): 40 గిగాబిట్లు
* యు.ఎస్.బి.4 రెండవ రూపాంతరము (2022): 80 గిగాబిట్లు

ఇవి బిట్లలో చెప్పిన లెక్కలు. 8 బిట్లు ఒక బైటు గనుక 480 మెగాబిట్లు అనగా 60 మెగాబైట్లు. వాస్తవములో ఫైళ్ళు ఇంతకంటె తక్కువ వేగముతో బదిలీ అగును.

టైప్-సి

2014లో వచ్చిన టైప్-సి కనెక్టరును ఎటు తిప్పి అయినా అమర్చవచ్చును. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుండి కొత్తగా అమ్మకమునకు వచ్చు సెల్‌ఫోన్లకు ఇది తప్పనిసరి అయినది.

అయితే టైప్-సి అనునది ఆకారమునకు పేరు, వేగమునకు కాదు. ఫోనుతో వచ్చు అనేక ఛార్జింగ్ కేబుళ్ళు టైప్-సి ఆకారములో ఉన్నను 2.0 వేగమునే ఇచ్చును. విద్యుత్తు విషయమూ ఇట్టిదే. 60 వాట్లకు మించి అందించుటకు 5 ఆంపియర్ల కేబుల్, అందులో దాని సామర్థ్యమును తెలుపు చిప్పు ఉండవలెను. 2021 నాటి ప్రమాణము ప్రకారము 240 వాట్ల వరకు అందించవచ్చును. కనుక కేబుల్ కొనునపుడు దానిపై వ్రాసిన వేగమును, వాట్లను చూచుట అవసరము.

భద్రత

పరికరము తన గురించి చెప్పుకొన్న వివరములను కంప్యూటరు సాధారణముగా నమ్మును. పెన్ డ్రైవ్ లోపలి ఫర్మ్‌వేరును మార్చి, అది తనను కీబోర్డుగా పరిచయము చేసికొని ఆదేశములు టైపు చేయునట్లు చేయవచ్చునని 2014లో పరిశోధకులు నిరూపించిరి. ఫైళ్ళను మాత్రమే పరీక్షించు యాంటీవైరస్ దీనిని గుర్తించలేదు. పెన్ డ్రైవ్‌ను ఫార్మాట్ చేసినను ఫర్మ్‌వేరు మారదు. అందువలన ఎవరిదో తెలియని పెన్ డ్రైవ్‌ను కంప్యూటరుకు అమర్చరాదు.