హీటు పంపుతో స్నానపు వేడినీరు

పుష్యమాసము వచ్చినదనగా డోంగ్లిలో తెల్లవారకమునుపే కాగుల క్రింద పొయ్యిలు రగులును. కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజనులోని యీ ప్రాంతమున పత్తికట్టె, కందికట్టె దొరకుటచే వేడినీళ్లకు ఖర్చే లేదని మనవారనుకొందురు. కట్టెకు వెల లేకపోవచ్చును. కాని దానిని మోసి, వానకు తడియకుండ కాచి, చలిలో లేచి పొగ మ్రింగు ఆడవారి శ్రమకు లెక్క కట్టినవారెవరు? ఆ శ్రమ తప్పింపదలచి గీజరు కొన్నవారు కరెంటు బిల్లు చూచి వెనుదీయుచున్నారు. ఈ రెంటికి నడుమనున్న హీటు పంపును గూర్చి సభ్యులకు దెలుపదలచితిమి.

గీజరులో ఒక యూనిటు కరెంటు ఒక యూనిటు వేడిగా మారును; అంతకు మించదు. హీటు పంపు బయటి గాలిలోని వేడిని తోడి నీటికి చేర్చును. మోటను తలచుకొనిన నిది సుబోధము. బావిలో నీరు ముందే యున్నది. ఎద్దులు దానిని పైకి లాగును, అంతియే. ఇచ్చట బావి గాలి, ఎద్దులు కరెంటు.

చలిగాలిలో వేడి యెక్కడిదని కొందఱడుగుదురు. 12 డిగ్రీల గాలియైనను తనకంటె చల్లని వస్తువునకు వేడి నిచ్చును. యంత్రపు గొట్టములలో సులభముగా ఆవిరియగు ద్రవమొకటి తిరుగుచుండును. అది గాలికంటె చల్లనై, గాలి వేడిని పీల్చి ఆవిరియగును. కంప్రెసరు నొక్కగా ఆ యావిరి మిక్కిలి వేడెక్కును; ఆ వేడిని తొట్టినీటికిచ్చి మరల ద్రవమై, సన్నని ద్వారముగుండ పోయి చల్లబడును. రిఫ్రిజిరేటరు చేయు పనియు నిదియే. లార్డు కెల్విను అను బిరుదు తరువాత పొందిన విలియం థామ్సను 1852లోనే యీ యుపాయమును సూచించెను. 1938లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగర సభాభవనమును లిమ్మాటు నదీజలములనుండి తోడిన వేడితో వెచ్చబఱచిరి.

మన లెక్కకు వత్తము. 100 లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి 50 డిగ్రీలకు కాచుటకు సుమారు మూడున్నర యూనిట్ల వేడి కావలెను. చన్నీరు కలిపిన నది అయిదుగురి స్నానమునకు చాలును. గీజరుకు మూడున్నర యూనిట్లును ఖర్చగును. హీటు పంపుకు ఒకటి, ఒకటింబావు చాలును. నెలకు 70 యూనిట్లు మిగులుట చిన్న విషయము కాదు. వాడకము హెచ్చినకొలది పై యూనిట్ల ధర పెరుగును గదా.

అయితే బావి లోతైనకొలది ఎద్దులకు కష్టము. గాలి చల్లనగుకొలది, నీటిని మిక్కిలి కాచుకొలది యీ యంత్రమునకును అంతే. మన వైపు చలికాలపు తెల్లవారుజామున పది, పన్నెండు డిగ్రీలుండు గాలి మధ్యాహ్నమునకు ఇరువదియెనిమిది వఱకు పోవును. కావున స్నానమువేళ గాక, మధ్యాహ్నము రెండు గంటలప్పుడు యంత్రమును నడుపవలెను. వేడి పోకుండ మందపు కవచముగల తొట్టిలో నీరు మరునాటి యుదయమువఱకు నిలుచును. కొనువారు తొట్టి కవచమును ముందు చూడవలెనని మా సలహా. గోరువెచ్చని నిల్వనీట క్రిములు పెరుగును గనుక అప్పుడప్పుడు 60 డిగ్రీలకు కాచుట మంచిది.

యంత్రమును పశువుల కొట్టములో పెట్టరాదు. అచ్చటి గాలి వెచ్చనిదే కాని, మూత్రపు ఘాటు రాగిగొట్టములను తినివేయును. బోరునీటి యుప్పు తొట్టిలోపల పెచ్చు కట్టును, ఏటేట శుభ్రపఱుపవలెను. ఎర్తింగు లేనిచో అసలే తగిలింపవద్దు.

దీని వెల గీజరుకు అనేక రెట్లు. మిద్దెపై ఎండ బాగుగ పడు చిన్న కుటుంబమునకు సూర్యరశ్మితో కాగు తొట్టియే మేలని నిస్సంకోచముగ చెప్పుచున్నాము. పిల్లల వసతిగృహములకు, నిత్యము వేయి లీటర్ల నీరు కాచు చోట్లకు హీటు పంపు తగును.

పాలసంఘములవారు మఱియొకటి గమనింపవలెను. 1000 లీటర్ల పాలను 35 డిగ్రీలనుండి 4 డిగ్రీలకు చల్లార్చునపుడు సుమారు 34 యూనిట్ల వేడి బయటికి పోవును. అది వేయి లీటర్ల నీటిని దాదాపు 30 డిగ్రీలు వేడెక్కింపగలదు. శీతలయంత్రపు వేడిగొట్టము నీటితొట్టిమీదుగా పోవునట్లు అమర్చినచో, అందు సగమే దక్కినను, క్యానులు కడుగు నీటికి వేఱుగ కరెంటు కాల్చు పని చాలవఱకు తగ్గును. క్రొత్తగా శీతలయంత్రము తెప్పించు సంఘములు ఆర్డరు వ్రాయుటకు ముందే యీ యేర్పాటును అడుగవలెను. తరువాత అతికించుట ఖర్చుతో కూడిన పని.