కిరాయి కాగితం, జకాత్ లెక్క

మన దాతల్లో పెద్ద ఆస్తిపరులు తక్కువ. ఉన్న ఇంటి మీద ఒక అంతస్తు వేసి రెండు వాటాలు కిరాయికి ఇచ్చినవారు, గల్ఫ్‌లో ఏళ్లు కష్టపడి రోడ్డు పక్కన ఒక మడిగె కట్టుకున్నవారు ఎక్కువ. ఆ కిరాయిలోంచే కొంత మన విద్యార్థుల ఫీజులకు ఇస్తున్నారు. కిరాయిదారు మూడు నెలలు బకాయి పెడితే ఆ ఇంటివారితో పాటు ఇక్కడ చదివే పిల్లలకూ ఇబ్బందే. అందుకే ఈ రెండు సంగతులు రాస్తున్నాం.

పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన లీజులకే దాన్ని తప్పనిసరి చేసింది గనుక చాలా రాష్ట్రాల్లో ఆ మాట నిజమే. మన దగ్గర కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణ ప్రకారం గడువు ఎంతైనా సరే, రాసుకున్న లీజు రిజిస్టర్ కావాలి. స్టాంపు పేపరు మీద ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నా, రిజిస్టర్ కాని కాగితంలోని షరతులు కోర్టులో నిలవడం కష్టం. ఏటా ఎంత పెంచాలి, అడ్వాన్సులో ఏం పట్టుకోవచ్చు, ఎన్నాళ్లలో ఖాళీ చేయాలి అన్నవే కదా తగాదాలు!

కాగితం నిలవకపోతే ఇల్లు పోతుందని భయపడనక్కర్లేదు. కిరాయి బ్యాంకు ద్వారా తీసుకుంటే, లేదా రసీదు ఇచ్చి నకలు దాచుకుంటే, అతను మీ కిరాయిదారేనని చూపవచ్చు. చెల్లే ఒప్పందం లేనప్పుడు ఇల్లు, దుకాణం కిరాయి నెలవారీదిగా లెక్క. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. కిరాయి నియంత్రణ చట్టం వర్తించే చోట దారి వేరు, వకీలును అడగాలి. నోటీసు ఇచ్చాం కదా అని కరెంటు తీయించడం, తాళం వేయడం మాత్రం వద్దు. కేసు మీ మీదికే తిరుగుతుంది. బంధువుకు ఇచ్చినా రసీదు రాయండి, మొహమాటం వద్దు.

ఇక జకాత్. కిరాయికి ఇచ్చిన ఇంటి విలువ మీద జకాత్ లేదని ఎక్కువమంది ఉలమాల మాట. ఖర్చులు పోను మిగిలిన కిరాయి మీ ఇతర నగదుతో కలిసి నిసాబ్‌కు చేరి, చాంద్రమాన సంవత్సరం గడిస్తే రెండున్నర శాతం ఇవ్వాలి. ఆదాయపు పన్ను వారు మునిసిపల్ పన్ను పోను మిగిలిన కిరాయిలో 30 శాతం మరమ్మతుల కింద, మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా, తగ్గిస్తారు. జకాత్‌లో అలా ఉండదు, నిజంగా చేతిలో మిగిలిందే లెక్క. రెంటికీ ఒకే చిట్టా వాడకండి.

అమ్మడానికే కొన్న ప్లాటు వ్యాపార సరుకు కింద వస్తుంది. కొన్న ధర కాదు, ఈనాటి మార్కెట్ ధర మీద ఏటా జకాత్ ఇవ్వాలి. పిల్లలకు ఇల్లు కట్టాలని కొన్నదైతే ఆ లెక్క లేదు. కొన్న రోజున ఉద్దేశం ఏమిటో దస్తావేజుతో పాటు ఒక చీటీ మీద తేదీ వేసి రాసి పెట్టుకుంటే, పదేళ్ల తర్వాత ఆలింసాబ్ అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.