భాండారములో భాండారము

కంప్యూటరుపై వ్రాసిన ప్రోగ్రాములను గాని, వ్యాసములను గాని పదిలపరచుటకు నేడు విరివిగా వాడబడుచున్న సాధనము గిట్. లైనక్స్ కెర్నెల్ పనికై లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 2005 వ సంవత్సరమున నిర్మించెను. ఒక ఫోల్డరులోని ఫైళ్లు ఏనాడు ఏ రూపున నుండెనో ఆ చరిత్ర నంతటిని ఇది దాచియుంచును. అట్లు చరిత్రతో కూడిన ఫోల్డరునకు రిపాజిటరీ యని పేరు, మేము భాండారమందుము. మార్పులను పదిలపరచినప్పుడెల్ల ఒక కమిట్ ఏర్పడును. దానికి గుర్తుగా సాధారణముగా 40 అక్షరములు, అంకెలు గల వరుస యొకటి యుండును.

మా సంచిక పుటలను ఒక భాండారమున నుంచితిమి. ఇండ్లలో అవ్వతాతల నోట విని విద్యార్థులు సేకరించిన తెలుగు మాటల పట్టిక వేరొక భాండారము. అది ఏటేట పెరుగునది, ఇతర పనులకును కావలసినది. ఆ రెండవదానిని మొదటిదాని లోపల నుంచి, ‘గిట్ యాడ్’ అని యాజ్ఞ నిచ్చితిమి. లోపలిది వేరు భాండారమని గిట్ హెచ్చరించెను గాని మేము లక్ష్యపెట్టలేదు. పిమ్మట పాత కంప్యూటరును తుడిచివేసి, సర్వరునుండి క్రొత్తదానిలోనికి అంతయు దింపుకొంటిమి. పుటలు వచ్చినవి, పట్టిక యుండవలసిన ఫోల్డరు ఖాళీ! ఆ మాటలు చెప్పిన పెద్దలలో కొందరు అప్పటికే గతించిరి. ఒక బాలిక పెన్‌డ్రైవులో నకలు దాచుకొని యుండుటచేత పట్టిక దక్కినది గాని, దాని చరిత్ర దక్కలేదు.

ఇట్లేల జరిగెను? వెలుపలి భాండారము లోపలిదాని ఫైళ్లను దాచుకొనదు. లోపలి కమిట్ గుర్తును మాత్రమే వ్రాసికొనును. గ్రంథాలయపు పట్టికలో పుస్తకము సంఖ్య యుండును గాని పుస్తక ముండదు గదా! పైగా మా పట్టిక భాండారము ఏ సర్వరునకును ప్రత్యేకముగా పంపబడి యుండలేదు.

కావున మొదట లోపలిదానిని సర్వరునకు పంపి, తరువాత దాని చిరునామాతో ‘గిట్ సబ్‌మాడ్యూల్ యాడ్’ అను ఆజ్ఞ నీయవలెను. (ఆజ్ఞలను ఆంగ్లాక్షరములతోనే టైపు చేయవలెను.) అప్పుడు చుక్కతో మొదలగు గిట్‌మాడ్యూల్స్ అను ఫైలులో దాని చోటును, చిరునామాయు నమోదగును. అయినను, క్రొత్త కంప్యూటరులోనికి ఊరక క్లోన్ చేసినచో ఫోల్డరు ఖాళీగానే కనబడును. భయపడ నక్కరలేదు, ‘గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్’ ఆజ్ఞకు ‘ఇనిట్’ చేర్చి యిచ్చిన ఫైళ్లు వచ్చును.

అట్లు వచ్చిన ఫోల్డరు సాధారణముగా ఏ శాఖకును చెందక, ఒక కమిట్ మీద మాత్రమే నిలిచియుండును. శాఖ నెంచుకొనకయే అందు మాటలు చేర్చి కమిట్ చేసినవారు, మరునాడు వేరొక కమిట్‌నకు మరలినచో నిన్నటి పని యెక్కడనో వెదకికొనవలసి వచ్చును. ముందుగా ‘గిట్ చెకౌట్’తో శాఖలోనికి పోవుట మేలు.

లోపలి భాండారము మరెక్కడను అక్కరపడనిచో ఈ ప్రయాస యంతయు దేనికి? అన్నియు ఒకే భాండారమున నుంచుటే సుఖమని మా యభిప్రాయము. మా పట్టిక ఇతర పనులకు కావలెను గనుక దానిని వేరుగానే యుంచితిమి. ఇప్పుడు లోపలిదానిని ముందు పంపి, వెలుపలిదానిని తరువాత పంపుచున్నాము. మరచిపోవుదుమేమో యని ‘గిట్ పుష్’ ఆజ్ఞకు ‘రికర్స్-సబ్‌మాడ్యూల్స్=చెక్’ అని చేర్చుచున్నాము; లోపలి కమిట్ సర్వరును చేరనిచో, వెలుపలిదానిని పంపుటకు గిట్టే నిరాకరించును.