బడ్జెట్‌లో గొట్టం ఉంది, మనిషి లేడు

మునిసిపల్ బడ్జెట్ అంటే లెక్కల గుమాస్తాల వ్యవహారమని మన ఉద్యమాలు చాలాకాలం పక్కన పెట్టేశాయి. భూమి గురించి, కూలి గురించి మాట్లాడినంతగా మనం నగరం పద్దుల గురించి మాట్లాడలేదు. కానీ ఏ బస్తీకి మురుగు కాలువ రావాలో, ఆ కాలువలోకి ఎవరు దిగాలో తేల్చేది ఆ పద్దులే. కులం పేరు ఎక్కడా రాయకుండానే తేలుస్తాయి.

ఈ పుస్తకాన్ని ఎలా చదవాలి? అందులో ప్రధానంగా రెండు భాగాలుంటాయి. ఆస్తి పన్ను, ఫీజుల్లాంటి ఏటేటా వచ్చే రాబడి, దాంతో ఇచ్చే జీతాలు, నిర్వహణ ఖర్చులు రెవెన్యూ పద్దు. గ్రాంట్లో అప్పులో తెచ్చి కట్టే రోడ్లు, పైపులైన్లు, ఫ్లైఓవర్లు కేపిటల్ పద్దు. ఇక పోస్టుల సంగతి వేరు. 1993 జూన్ 1 నుంచి అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. అయినా కొత్త పోస్టుల తాళంచెవి సచివాలయంలోనే ఉండిపోయింది.

అంటే పని ఒకచోట, డబ్బు ఒకచోట, మనిషి ఇంకోచోట. మన వాళ్ళు నలిగేది ఈ సందుల్లోనే.

దీనికి మంచి ఉదాహరణ 2005 డిసెంబర్‌లో మొదలై 2014 దాకా నడిచిన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అందులో ఉన్నాయి. పైపులకీ డ్రైనేజీలకీ కేంద్రం డబ్బిచ్చింది. బడ్జెట్‌లో కొంత భాగం పట్టణ పేదల కోసం విడిగా పెట్టాలని షరతు కూడా పెట్టింది. బాగానే ఉంది. కానీ అదే పథకం సంస్కరణల జాబితాలో ఇంకో అంశముంది: సిబ్బందిని తగ్గించాలి, స్వచ్ఛంద పదవీ విరమణ పెట్టాలి, రిటైరైనవాళ్ళ ఖాళీలు నింపకూడదు. ఒక చేత్తో గొట్టం ఇచ్చి, ఇంకో చేత్తో దాన్ని చూసుకునే మనిషిని తీసేయడమే గదా ఇది!

మురుగు మాత్రం ఆగదు. కాబట్టి మనిషి కాంట్రాక్టర్ ద్వారా వస్తాడు. అతని కూలి జీతాల కింద కాక కాంట్రాక్టు చెల్లింపుల కింద కనిపిస్తుంది. పోస్టు లేదు గనక రోస్టర్ లేదు, పెన్షన్ లేదు, చనిపోతే ఇంట్లో వాళ్ళకు కారుణ్య నియామకం లేదు. 2015 జూలైలో రెండు తెలుగు రాష్ట్రాల మునిసిపల్ కార్మికులు సమ్మె చేశారు. హైదరాబాద్ సఫాయి కార్మికుల వేతనం 8,500 నుంచి 12,500 రూపాయలకు పెరిగింది. వేతనం పెరిగింది, పోస్టు రాలేదు.

చట్టం లేక కాదు. నేరుగాగానీ ఇంకొకరి ద్వారాగానీ ప్రమాదకరంగా మ్యాన్‌హోల్ శుభ్రం చేయించకూడదని 2013 చట్టం స్థానిక సంస్థలను కట్టడి చేసింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. చావుకు పరిహారం ఖరారైంది. చావకుండా ఉండేందుకు యంత్రం, శిక్షణ, సిబ్బంది బడ్జెట్‌లో ఎంత అన్నది ఇంకా మనమే అడగాలి.

ఇక్కడొక మాట స్పష్టం చేయాలి. చీపురు మాల మాదిగలకూ, రెల్లి, మెహతర్ కులాలకూ శాశ్వతంగా ఉండాలని మేము కోరడంలేదు. మా ఇళ్ళలోంచి మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మేము ఆ మాట ఎలా అంటాం? నగరానికి ఆ పని కావాలన్నన్నాళ్ళు దాన్ని గౌరవమైన పోస్టుగా ఉంచాలి. దాంతోపాటు ఇంజనీరు, టౌన్ ప్లానర్, అకౌంట్స్ ఆఫీసరు కుర్చీల్లోకి ఆ పిల్లలు రావాలి. ఖాళీలు నింపకపోతే ఈ రెండు దారులూ మూసుకుపోతాయి.

అందుకే ప్రతి ఊళ్ళో కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు 2005 సమాచార హక్కు చట్టం కింద మూడు కాగితాలు అడగాలి. వార్డువారీ పనుల జాబితా. ఆ పనుల నిర్వహణకు వచ్చే ఏడాది కేటాయింపు. మంజూరైన, భర్తీ అయిన, కాంట్రాక్టుకిచ్చిన పోస్టుల లెక్క. మూడూ పక్కపక్కన పెట్టి, బడ్జెట్ సమావేశానికి ముందే బస్తీలో చదివి వినిపించండి. సమావేశం అయిపోయాక చదివితే మనకు మిగిలేది వచ్చే ఏడాదే.