వెన్నుపాముకు వంతెన

'వెన్నుపాము' అన్న మాట ఎవరు కల్పించారో గానీ చక్కగా కుదిరింది. వెన్నెముక గూట్లో పడుకున్న పాము! చిటికెనవేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. మెదడు ఇచ్చే ఆజ్ఞలు కాళ్ళకు చేరాలన్నా, అరికాల్లో ముల్లు గుచ్చుకున్న సంగతి మెదడుకు తెలియాలన్నా దారి ఇదొక్కటే. ఎముక విరిగితే అతుక్కుంటుంది. పాము తెగితే మాత్రం దానంతటది అతుక్కోదు. నడకే కాదు, స్పర్శ, మూత్రం మీద అదుపు, చివరికి చెమట పట్టడం కూడా పోవచ్చు. చూసేవాళ్ళకు కనిపించేది వీల్‌చైర్ ఒక్కటే.

"వైరు తెగితే మళ్ళీ కలపొచ్చు కదా?" అని పిల్లలు అడుగుతారు. మా కంప్యూటర్ల వాళ్ళం కూడా అలాగే ఆలోచిస్తాం. కానీ ఇది కేబుల్ కాదు, ప్రాణమున్న కణాల కట్ట. చేతిలోని నరం తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరుగుతుంది. వెన్నుపాములో అలా జరగదు. దెబ్బ తగిలాక వచ్చే వాపు చుట్టుపక్కల కణాలను కూడా చంపుతుంది, ఆపైన ఏర్పడే మచ్చ కొత్త పోగులను ముందుకు సాగనివ్వదు.

మన రోటోటూనాలో ట్రాంపొలీన్ లేని పెరడు అరుదు. కాస్త దాటితే వైకాటో డెయిరీ ఫారాలు, క్వాడ్ బైకులు, గుర్రాలు. శనివారమైతే రగ్బీ. రగ్బీ అంటే మన అమ్మలకు గుండె దడ! అయితే ఒక మంచి మాట చెప్పాలి. 2001లో కోచ్‌లకూ రిఫరీలకూ తప్పనిసరి శిక్షణగా 'రగ్బీస్మార్ట్' మొదలైంది. పాత లెక్కల ప్రకారం 2001-2005 మధ్య సుమారు 19 తీవ్రమైన వెన్ను గాయాలు కావలసింది, ఎనిమిదే అయ్యాయి. స్క్రమ్‌లో అయితే తొమ్మిదికి బదులు ఒక్కటే. మందు లేని జబ్బుకు ఇంతకన్నా మంచి వైద్యం నాకు కనబడలేదు.

ఇది చదివినప్పుడు మన గీత కార్మికులు గుర్తొచ్చారు. మోకు ఒక్కటే ఆధారంగా తాటిచెట్టు ఎక్కి, జారిపడి నడుం విరిగిన మనిషి లేని కల్లు ఊరు తెలంగాణలో ఉంటుందా? 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరిట రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. ఎన్ని తరాలు ఆలస్యమైందో!

ఇక పరిశోధనల సంగతి. గుర్రపు స్వారీలో పేరున్న కట్రియోనా విలియమ్స్ 2002లో పడి వెన్ను దెబ్బతిని, 2005లో 'క్యాట్‌వాక్' ట్రస్టు స్థాపించారు. ఆ ట్రస్టు అండతో ఆక్లండ్ విశ్వవిద్యాలయం వారు, స్వీడన్‌లోని చాల్మర్స్ వారితో కలిసి, వెన్నుపాము మీద నేరుగా పరిచే పల్చటి పొర ఒకటి తయారుచేశారు. అది రోజూ కొంతసేపు సన్నటి విద్యుత్ క్షేత్రాన్ని ఇస్తుంది. ఎలుకల్లో నాలుగు వారాల తర్వాత కదలిక మెరుగైందని 2025లో ప్రకటించారు. ఎలుకల్లోనే సుమా, మనుషుల్లో కాదు.

మనుషుల్లో ముందున్నది స్విట్జర్లాండ్‌లోని లోజాన్. అక్కడి కూర్టీన్, బ్లోక్ బృందం 2023లో హెర్ట్-యాన్ ఓస్కామ్ అనే డచ్ వ్యక్తి మెదడులోని సంకేతాలను చదివి, తెగిన చోటు దాటించి, కింది వెన్నుపాముకు అందించింది. తెగిన లింకును పక్కదారిన కలిపే డిజిటల్ వంతెన అన్నమాట. ఆయన నిలబడి నడిచారు. జపాన్‌లో కేయో విశ్వవిద్యాలయం మూలకణాలతో నలుగురికి చికిత్స చేసి, ఇద్దరిలో మెరుగుదల కనబడిందని 2025లో చెప్పింది. మెడ మీద చర్మానికి అతికించి విద్యుత్ ఇచ్చే పరికరం చేతుల పట్టు పెంచుతుందని 60 మందిపై పరీక్షించి 2024లో ప్రచురించారు. అదే ఏడాది చివర అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. నడక కన్నా ఇదే పెద్ద వార్త అని నా అభిప్రాయం. స్పూను పట్టుకోగలగడం అంటే ఏమిటో మెడ విరిగినవాళ్ళను అడగాలి.

ఈ వార్తల వెనకాలే వ్యాపారమూ వస్తుంది. 'స్టెమ్ సెల్స్‌తో నడిపిస్తాం' అనే ప్రకటనలు బంధువుల ఫోన్ల నుంచి మనకు చేరుతుంటాయి. మన దేశపు వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధిత జబ్బులకు తప్ప మూలకణాలు ఆమోదిత చికిత్స కావు. మిగతావన్నీ ప్రయోగాలే, ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటే అక్కడితో ఆగిపోవచ్చు. ఊళ్ళో పొలం అమ్మనవసరం లేదు.

ఇక్కడ మనకున్న పెద్ద అండ 1974లో మొదలైన ఏ.సి.సి. తప్పెవరిదని అడగకుండా ప్రమాదంలో గాయపడ్డవారికి చికిత్స, వీల్‌చైర్, ఇంటి మార్పులు, సంపాదనలో 80 శాతం ఇస్తుంది. మనల్ని చూడడానికి వచ్చిన అమ్మానాన్నలు మెట్ల మీద జారిపడినా ఇక్కడి చికిత్సకు సాయం అందుతుంది. గుండెనొప్పి వంటి జబ్బులకు కాదు. కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్సు మానకండి. అయితే వెన్నులో గడ్డ వల్లనో, టీబీ వల్లనో కాళ్ళు పడిపోతే అది ప్రమాదం కిందికి రాదు. వీల్‌చైర్ ఒకటే, అందే సాయం మాత్రం వేరు. మనం ఓటర్లం కూడా కనుక ఈ తేడా గురించి మన ఎం.పి.ని అడగవచ్చు.

పిల్లలూ, మీకొక పని. ట్రాంపొలీన్ మీదో, నదిలో తలకిందులుగా దూకో ఎవరైనా పడి మెడ నొప్పి అన్నా, కాళ్ళు తిమ్మిరి అన్నా లేపి కూర్చోబెట్టకండి. నీళ్ళలో ఉంటే ముఖం పైకి ఉండేలా పట్టుకుని పెద్దవాళ్ళను కేకేయండి. గట్టు మీదైతే కదలొద్దని చెప్పి, తల అటూ ఇటూ తిరగకుండా పట్టుకుని, 111కి ఫోన్ చేయించండి. అంబులెన్సు వచ్చేదాకా పక్కనే ఉండి మాట్లాడుతూ ఉండండి.