కొండవాలున ఇల్లు: పట్టా ఒక్కటే చాలదు

హోసూరు, కృష్ణగిరి పరిసరాల్లో కొండపాదాన ఇంటిస్థలం కొనదలచినవారు గ్రహించవలసిన విషయం ఒకటుంది. ప్రభుత్వం కొండభూమిని కంటికి కనిపించే ఎత్తును బట్టి కాక, ప్రధానంగా రికార్డులను బట్టి గుర్తిస్తుంది. కొండ పోరంబోకుగానో, రిజర్వు ఫారెస్టుగానో నమోదైన నేలపై ఇంటికి అనుమతి లభించదు. పట్టా సైతం హక్కును తెలిపే పత్రమే, నిర్మాణానుమతి కాదు. 1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం కింద లేఅవుటుకు ఆమోదం, 2019 నాటి ఉమ్మడి భవన నియమావళి కింద ప్లానుకు అనుమతి ఉండాలి. కొండప్రాంతాలుగా ప్రకటితమైన గ్రామాల్లో ‘హాకా’ అనే ప్రాధికార సంస్థ పరిశీలన అదనం. వాలును తొలిస్తే మట్టి పట్టు సడలుతుంది, వాననీరు దిగువ ఇళ్లపైకి మళ్లుతుంది. ఈ నిబంధనల ఆంతర్యం అదే. కనుక ఆంధ్రలో అడంగలు చూసుకున్నట్లే, ఇక్కడ అడ్వాన్సు చెల్లించకముందే తాలూకా కార్యాలయంలో చిట్టాను, సర్వే పటాన్ని సరిచూసుకోవాలి.