చిన్న ల్యాప్‌టాప్ కొనే ముందు: బరువు, ధర ఒక్కటే చూస్తే సరిపోదు



పేరెంట్ టీచర్ మీటింగుల్లో మార్కుల గురించి మాట్లాడాక ఈమధ్య ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇది: "టీచర్‌గారూ, ఇరవై వేల లోపు చిన్న ల్యాప్‌టాప్ ఒకటి చూశాం. చాలా తేలిగ్గా ఉంది. మా వాడికి తీసుకోమంటారా?" ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. ఆ ధరలో నాలుగేళ్లు పనికొచ్చేవీ ఉన్నాయి, ఏడాది తిరక్కుండానే అటకెక్కేవీ ఉన్నాయి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది ఈఎంఐలో కొంటున్నారు కాబట్టి ఆ చిన్న అక్షరాలు చదవడం ఎలాగో చూద్దాం.

అసలు అవసరమేనా?

6, 7 తరగతుల పిల్లలకు సొంత ల్యాప్‌టాప్ అవసరం చాలా తక్కువ. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ను గంటసేపు వాడుకోనిస్తే ప్రాజెక్టులు అయిపోతాయి. 9వ తరగతి నుంచి ప్రెజెంటేషన్లు, రిపోర్టులు పెరుగుతాయి. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే పైథాన్, మైఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలి. వీటికి పెద్ద మెషిన్ అక్కర్లేదు, మరీ బలహీనమైనదీ పనికిరాదు. వీడియో ఎడిటింగ్, గేమ్స్ అంటే మాత్రం ఈ చిన్న ల్యాప్‌టాప్‌ల వల్ల కాదు.

బరువు: చార్జర్‌తో కలిపి తూచండి

కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు విద్యార్థి బరువులో 10 శాతం దాటకూడదు. 45 కిలోలున్న పిల్లకు అది 4.5 కిలోలు. ల్యాప్‌టాప్ 1.2 కిలోలు, చార్జర్ పావుకిలో అనుకుంటే దాదాపు కిలోన్నర. అంటే మొత్తం బరువులో మూడో వంతు ఇక్కడే అయిపోయింది. పుస్తకాలు, నీళ్ల సీసా, లంచ్ బాక్స్ ఇంకా ఉన్నాయి. యాడ్‌లో చెప్పే బరువులో చార్జర్ ఉండదని గుర్తుంచుకోండి. ఫోన్ చార్జర్ లాగా టైప్ సీ పోర్టుతో చార్జ్ అయ్యే మోడల్ అయితే, తగిన పవర్ ఉన్న చిన్న చార్జర్ ఇంకొకటి కొనుక్కోవచ్చు. పెద్దది ఇంట్లోనే ఉంచేయొచ్చు.

ర్యామ్, స్టోరేజ్: డబ్బు దండగయ్యేది ఇక్కడే

విండోస్ 11 నడవడానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉండాలి. చవక మోడళ్లలో సరిగ్గా అంతే ఇస్తారు. కనీసం అంటే ఆన్ అవుతుందని అర్థం, హాయిగా నడుస్తుందని కాదు. ఆన్‌లైన్ క్లాసు, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు, పక్కన ఒక వర్డ్ ఫైల్ తెరిస్తే 4 జీబీ ర్యామ్ ఆయాసపడుతుంది. 64 జీబీలో చాలా భాగాన్ని విండోసే తీసుకుంటుంది. కొన్నాళ్లకు అప్‌డేట్ వేసుకోవడానికి కూడా చోటు ఉండదు.

స్టోరేజ్ రకం కూడా చూడండి. ఎస్‌ఎస్‌డీ వేగంగా ఉంటుంది. ఈఎంఎంసీ అని రాసి ఉంటే అది చవక ఫోన్లలో వాడే రకం, నెమ్మది. పైగా ఇలాంటి చిన్న మోడళ్లలో ర్యామ్, ఈఎంఎంసీ రెండూ మదర్‌బోర్డుకే అతికించి ఉంటాయి. తర్వాత పెంచుకుందాం అంటే కుదరదు. విండోస్ ల్యాప్‌టాప్ అయితే 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ చూసుకోండి.

ప్రాసెసర్ విషయంలో ఒక్క మాట. ఇంటెల్ సెలెరాన్ ఎన్4020లో ఉండేవి రెండు కోర్లు. 2023లో వచ్చిన ఎన్100లో నాలుగు. రెండూ చవక రకాలే, వాడకంలో మాత్రం తేడా బాగా తెలుస్తుంది.

విండోస్ అవునా, కాదా?

చిన్న ల్యాప్‌టాప్‌లన్నీ విండోస్‌తో రావు. 2023 జూలైలో 16,499 రూపాయలకు వచ్చిన జియోబుక్‌ను తీసుకోండి. బరువు 990 గ్రాములే, సిమ్ కూడా పడుతుంది. కానీ అందులో ఉండేది జియో ఓఎస్. విండోస్ కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కదు. క్రోమ్‌బుక్‌లదీ అదే సంగతి. అయితే బ్రౌజర్‌లోనే జరిగిపోయే పనులకు 4 జీబీ క్రోమ్‌బుక్ కూడా 4 జీబీ విండోస్ కంటే చురుగ్గా నడుస్తుంది. 2021 నుంచి విడుదలైన మోడళ్లకు పదేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ ప్రకటించింది. ఆ పదేళ్లు మీరు కొన్న రోజు నుంచి లెక్క కాదు. కాబట్టి మీరు చూసిన మోడల్‌కు అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకో అడగండి.

స్క్రీన్, బ్యాటరీ

11.6 అంగుళాల స్క్రీన్ బ్యాగులో బాగా ఇముడుతుంది. 14 అంగుళాల స్క్రీన్ వైశాల్యం దానికంటే దాదాపు 45 శాతం ఎక్కువ. రోజూ రెండు గంటలు చదివే కళ్లకు ఇది చిన్న తేడా కాదు. చిన్నదే కొంటే, హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నది ఎంచుకోండి. ఇంట్లో టీవీకి కలిపి క్లాసు చూడొచ్చు. స్క్రీన్‌ను పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతున్నాయంటే అది టీఎన్ ప్యానెల్. ఐపీఎస్ అయితే మంచిది.

బ్యాటరీ దగ్గర కంపెనీ చెప్పే గంటలు కాకుండా వాట్ అవర్ అంకె చూడండి. 38 వాట్ అవర్ బ్యాటరీ, మెషిన్ వాడేది సగటున 7 వాట్లు అయితే సుమారు ఐదున్నర గంటలు వస్తుంది. వాడేకొద్దీ అది తగ్గుతూ పోతుంది.

రీఫర్బిష్డ్ కొంటే

అదే డబ్బుకు ఆఫీసుల్లో వాడి తీసేసిన మంచి ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. కొంచెం బరువు ఎక్కువ, కీబోర్డు గట్టిగా ఉంటుంది. విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి విండోస్ 11కు అర్హత ఉన్నదే కొనాలి. ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతిది కావాలి. బిల్లు, రాతపూర్వక వారంటీ లేకుండా తీసుకోవద్దు.

షాపులో పది నిమిషాలు

పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. డెమో పీస్ మీద ఇవి చేయించండి:

1. ఒక పేరా టైప్ చేయించండి. వేళ్లు ఇరుకు పడుతున్నాయా అని అడగండి. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉచితంగా ఉంది, అది కూడా పెట్టించి చూడండి. తెలుగు ప్రాజెక్టులకు పనికొస్తుంది.
2. బ్రౌజర్‌లో ఐదారు ట్యాబ్‌లు తెరిచి ఒకదాంట్లో వీడియో పెట్టండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ 90 శాతం దాటి ఉంటే ఆ మోడల్ వదిలేయండి.
3. మూత పదిసార్లు తెరిచి మూయండి. హింజ్ వదులుగా ఉంటే బ్యాగులో ఎక్కువ కాలం ఆగదు.
4. సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉందా, లేక పక్క జిల్లాకు వెళ్లాలా అని అడగండి.
5. చార్జర్‌తో సహా బ్యాగులో పెట్టి పిల్లల భుజానికి తగిలించి, షాపులో నాలుగు అడుగులు వేయించండి.

ఈ ఐదింటిలో ఏదైనా తేడా వస్తే ఆ రోజు కొనకుండా వచ్చేయండి. ఆఫర్ ఆ రోజుతో అయిపోతుందని సేల్స్‌మన్ చెప్పినా కంగారు పడకండి. మోడల్ పేరు, ర్యామ్, స్టోరేజ్, ప్రాసెసర్ వివరాలు ఒక కాగితం మీద రాసుకుని స్కూల్‌కు తీసుకురండి. మీ పిల్లల కంప్యూటర్ టీచర్‌తో కలిసి చూసుకుని అప్పుడు నిర్ణయం తీసుకోవచ్చు.